నీళ్ళు తాగని పడవ

పడవల మరమ్మతు షెడ్డు,
రేవు వీధి

అక్కా,

కూర్చుని చదువు. నాన్న కట్టిన పడవ దొరికింది.

ఐసు గోడౌను వెనకాల ఏళ్ళ తరబడి ఎండిపోయిన తెరచాప పడవనొకదాన్ని మా షెడ్డు యజమాని ఈడ్చుకొచ్చాడు. కోసి కలప అమ్ముకుందామని ఆయన ఆలోచన. రంపం నా చేతికే ఇచ్చాడు. లోపలికి దిగి పక్కటెముకలు తడిమి చూస్తే బాడిసె దెబ్బలన్నీ మిగతా పడవలకు తిరుగుడుగా వాలి ఉన్నాయి. ఈ రేవులో ఎడమచేత్తో బాడిసె పట్టిన వడ్రంగి మన నాన్న ఒక్కడే కదా. ముక్కు మీద పేరు ఎవరో గీకేశారు గానీ నాకు పేరుతో పనిలేదు. నాన్న కట్టిన తెరచాప పడవ ఒక్కటే, బాబాయిని మింగిన పడవ ఇదే.

రంపం కింద పెట్టేసి, "ఇది బాగుపడుతుందండీ, కోయొద్దు" అన్నాను. "నీకంత ముచ్చటగా ఉంటే పనయ్యాక చేసుకో, నా మేకులు మాత్రం ముట్టుకోకు" అన్నాడాయన.

నాకు సంతోషంగానే ఉంది. నీకు రాయాలంటే మాత్రం భయమేసింది. ఈ పడవ మాటెత్తితే నువ్వు తిండి మానేస్తావని తెలుసు. మానకు.

నీ తమ్ముడు


ఆస్పత్రి దుప్పట్లు కుట్టే గది,
రెండో అంతస్తు

ఒరే తమ్ముడూ,

తిండి మానలేదు. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఒంట్లో బలం ఉండాలిగా.

నువ్వప్పుడు చిన్నవాడివి, నీకు సగమే తెలుసు. పడవ పలకల సందుల్లో నార కూరి ఇచ్చింది నాన్న. పందేనికి తీసుకెళ్ళింది ఊరంతా కెప్టెన్ అని పిలిచే ఆ పెద్దమనిషి. పడవలో నలుగురు: ఆయన, బాబాయి, ఇంకో ఇద్దరు నావికులు. నడినీళ్ళలో పడవ నిండిపోయింది. ముగ్గురు ఒడ్డుకొచ్చారు, బాబాయి రాలేదు. విచారణలో కెప్టెన్ లేచి నిలబడి, "వడ్రంగి సందులు వదులుగా కూరాడు, సొంత తమ్ముణ్ణి తనే చంపుకున్నాడు" అన్నాడు. ఆ తరవాత నాన్న చేతికి ఎవరూ పడవ ఇవ్వలేదు.

అదైనా భరించేదాన్ని. పిన్ని నమ్మింది చూడు, దాన్ని భరించలేకపోయాను. నాన్న ప్రతి ఆదివారం చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడేవాడు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాకు వినబడేది. తలుపు మాత్రం తీసేది కాదు. నిలబడి నిలబడి వచ్చేసేవాళ్ళం. నేను వెంట వెళ్ళేదాన్ని గనక తెలుసు. చివరికి ఆయన పోయినప్పుడు కూడా ఆ వీధి దాటి మన వీధికి రాలేదు. తోడబుట్టినవాణ్ణి చంపినవాడన్న పేరుతోనే నాన్న పోయాడు.

కాబట్టి ఒక పని చెయ్. ఆ పడవలో ఉన్న ఆ ఇద్దరు నావికులూ బతికున్నారేమో చూడు. ఉంటే కదిలించు. నిజం తెలుసుకుందామని కాదు, నిజం నాకు తెలుసు, నాన్న పని వదులుగా ఉండదు. ఆ కెప్టెన్ తల వంగాలి. పిన్ని చూస్తుండగా వంగాలి. నాకు కావలసింది అదీ.

ఫోను చేయకు. ఫోనులో నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తావు. రాయి.

అక్క


షెడ్డు నుంచి

అక్కా,

కోపగించుకోకుండా విను. సందులు వదులుగానే ఉన్నాయి.

పాత నార ఇంకా కొన్నిచోట్ల మిగిలి ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. చూసి పడవ పక్కనే చతికిలబడ్డాను. మాదంతా ఫైబరు పడవల పని, అతుకులు వేసి రంగు కొట్టడం. చెక్క సంగతి షెడ్డులో ఎవరికీ తెలీదు, యజమానికి అసలే తెలీదు. నాన్న నిజంగానే తప్పు చేశాడేమోనని ఒక పూటంతా అనుకున్నాను. నీ దగ్గర దాచలేను.

నావికుల్లో ఒకాయన దొరికాడు. మా వీధి చివర ఒక వసారాలో తెరచాపల చిరుగులు కుడుతూ బతుకుతున్నాడు. నోట్లో నువ్వుగింజ నానదు గనక అందరూ ఆయన్ని మౌనస్వామి అంటారు. గాలివాటం గురించి చెప్పాడు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పాడు, కోడలు ఉప్పెంత వేస్తుందో చెప్పాడు. పడవ మాట వచ్చేసరికి సూది కనబడట్లేదని వెతుక్కోవడం మొదలెట్టాడు. సూది ఆయన చేతిలోనే ఉంది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అంతే. చివరికి నేనెవరి కొడుకునో చెప్పాను. కుట్టు ఆపేశాడు.

"వదులుగానే కూరాలి నాయనా," అన్నాడు. "ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ముందే గట్టిగా దట్టించావనుకో, ఉబ్బినప్పుడు పక్కటెముకలు విరుగుతాయి. కొంత మనం కూరతాం, మిగతాది నీళ్ళే బిగిస్తాయి. మూడు రోజులు రేవులో కట్టేసి ఉంచాలి. మొదటి రోజు ధారగా కారుతుంది, మూడో రోజుకి చుక్క ఉండదు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు పొద్దున దించాం, పొద్దునే ఎక్కాం. మీ నాన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి తాడు వదల్లేదు. మూడు రోజులాగండి సార్, తాగనివ్వండి అని బతిమాలాడు. పందెం నీ కోసం ఆగుతుందా అని కెప్టెన్ తెడ్డుతో ఆయన చేతి మీద కొట్టాడు. తాడు వదిలేశాడు."

ఇదంతా విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఊరుకున్నంత ఉత్తమం లేదు నాయనా" అని మళ్ళీ గుడ్డ ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయన కుట్టేవన్నీ కెప్టెన్ నడిపే పడవల క్లబ్బు తెరచాపలే.

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి

తమ్ముడూ,

నువ్వు నాన్నని అనుమానించింది ఒక పూట, నేను నీ మీద కోపంగా ఉన్నది ఒక పూట. చెల్లుకి చెల్లు.

తెడ్డుతో కొట్టిన సంగతి నాకు తెలీదు. ఆ రోజుల్లో నాన్న ఎడమచేతికి గుడ్డ కట్టుకుని తిరిగాడు. అమ్మ అడిగితే బాడిసె జారిందన్నాడు. ఎడమచేత్తో బాడిసె పట్టేవాడికి ఎడమచేతికే దెబ్బ ఎలా తగులుతుందని మాకెవరికీ తోచలేదు. ఇవాళ దుప్పటి అంచు కుడుతుంటే అదే మనసులో తిరిగి మిషను వంకరగా పోయింది. సూపర్‌వైజరు వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అంది. బాగానే ఉందన్నాను.

కెప్టెన్ తెలియక చేశాడని మాత్రం నాతో అనకు. విచారణలో నాన్న ఈ మాటే చెప్పాడు, పడవ నానాలి అని. కెప్టెన్ పకపకా నవ్వి, "అది పడవా, మాసిన బట్టా నానబెట్టడానికి? ఇన్నేళ్ళుగా నీళ్ళ మీద ఉన్నాను, ఆ మాట నేనెన్నడూ విననైనా లేదు" అన్నాడట. అందరూ నవ్వారట. నాన్న కూడా ఏం చేయాలో తెలీక నవ్వాడట. అమ్మ ఇది చెప్పినప్పుడల్లా ఆ చివరి మాట దగ్గర ఆగిపోయేది.

రెండోవాణ్ణి వెతుకు. మౌనస్వామిని కూడా వదలకు. ఆ కుట్టే తెరచాప ఆయన నోట్లోనే కుక్కాలి.

అక్క


షెడ్డు నుంచి

అక్కా,

రెండో ఆయన ఒక లాడ్జికి వాచ్‌మన్‌గా ఉన్నాడు. పడవలోకి వచ్చిన నీళ్ళు తోడిపోయడం ఆయన పనట, అందుకే ఇప్పటికీ అందరూ చెంబు అనే పిలుస్తారు. నన్ను చూడగానే, "నీ మొహం మీ బాబాయిదే" అని స్టూలు వేశాడు.

రాళ్ళ గట్టు దాటకముందే మడమల దాకా నీళ్ళొచ్చాయట. ఆయనా బాబాయీ తోడుతూనే ఉన్నారట. వెనక్కి తిప్పమని బాబాయి అడిగాడు. "మనమే ముందున్నాం, తిప్పేది లేదు" అన్నాడు కెప్టెన్. కాసేపటికి మళ్ళీ అడిగాడు. అప్పుడు జవాబు కూడా ఇవ్వలేదు. పడవ కుంగాక, పట్టుకుని తేలడానికి ఉన్న ఒక్క బెండునీ కెప్టెన్ తీసుకున్నాడు. "మీ బాబాయికి ఈత నాకంటే బాగా వచ్చు. తోడి తోడి చేతులు లేవలేదు. అంతే" అన్నాడు చెంబు. ఏడ్చాడు. పదిమందిలో చెప్తావా అంటే, "అబద్ధానికి ఆ రోజే వేలిముద్ర వేశాను, ఇప్పుడు నా మాట ఎవడు నమ్ముతాడు" అన్నాడు.

ఇంకోటి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

కెప్టెన్ మా షెడ్డుకి వచ్చాడు. పాత పడవ బాగవుతోందని ఎవరో చెప్పారట. ముసలివాడయ్యాడు గానీ గొంతు తగ్గలేదు. క్లబ్బు వార్షికోత్సవానికి ఈ పడవే కావాలట. అందులో నిలబడి ఉపన్యాసమిచ్చి, తరవాత ఒక్కడే తెరచాపెత్తి గట్టు దాటి వెళ్తాడట, తను చావును గెలిచిన పడవ గనక. మా యజమాని పొంగిపోయి మాటిచ్చేశాడు. నేనెవరో కెప్టెన్‌కి తెలీదు. పలక మీద చెయ్యేసి, "చేతకాని వడ్రంగి చేతిలో పడింది, లేకపోతే మంచి పడవ" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగాడు. "రంగయ్యాక మూడు రోజుల ముందే దించి కట్టేసి ఉంచు. బాగా ఎండింది. తాగాలి."

నా చేతిలో సుత్తి ఉందక్కా. "అలాగే సార్" అన్నాను.

పిన్నికి ముందు వరుసలో కుర్చీ వేయిస్తున్నారట. ఆమె ఆ క్లబ్బులోనే గదులు ఊడుస్తుంది కదా. బాబాయి పోయాక ఆ పనిచ్చింది ఆయనే. కెప్టెన్‌గారు దేవుడు అంటుంది.

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి

తమ్ముడూ,

తాగాలి అన్నాడా? ఆ నోటితోనే అన్నాడా?

ఆయనకు ఎప్పుడూ తెలుసు. నాన్న చెప్పకముందు కూడా తెలిసే ఉంటుంది. తెలిసే ఎక్కించాడు, తెలిసే నవ్వాడు, తెలిసే పిన్నికి చీపురిచ్చి దేవుడయ్యాడు. ఉత్తరం చదివి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని తిట్టాను. నాకు ఇన్ని తిట్లు వచ్చని నాకే తెలీదు.

కానీ ఆ మాట నువ్వొక్కడివే విన్నావు. వడ్రంగి కొడుకు చెప్తే ఎవరు నమ్ముతారు? తొందరపడకు. ఆలోచిస్తున్నాను.

అక్క


షెడ్డు నుంచి

అక్కా,

పని అయిపోవచ్చింది. పైన తెలుపు, అంచుకి నీలం, రెండేసి పూతలు. నీలం మొదటిసారి మరీ ముదురుగా వచ్చింది, గీకి మళ్ళీ వేశాను. చుక్కానికి కొత్త పిడి పెట్టాను, చేతికి బాగా అమరింది. నార నాన్నలాగే వదులుగా కూరాను. మౌనస్వామి పక్కన కూర్చుని ఎంత కూరాలో చూపించాడు. షెడ్డులో అందరూ వచ్చి చూసి వెళ్తున్నారు. యజమాని నా మేకులు అనడం మానేసి మన మేకులు అంటున్నాడు.

వార్షికోత్సవం ఈ ఆదివారం. ఉపన్యాసం అయ్యాక నేను తాడు విప్పుతాను, ఆయన వెళ్తాడు.

నువ్విక ఈ సంగతి మనసులో పెట్టుకోకు. నీకు తలనొప్పి వస్తోంది కదా, కళ్ళజోడు మార్పించుకో. నేను బాగానే ఉన్నాను. నేనేమీ చేయక్కర్లేదక్కా, అదే సర్దుకుంటుంది.

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి, తొందరలో

ఒరే,

ఇది మా ఆస్పత్రికి మందులు తెచ్చే వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన ఎదురుగానే చదివి తలూపు. ఊపావో లేదో వచ్చి నాకు చెప్పమన్నాను.

తెలుపు రాశావు, నీలం రాశావు, పిడి రాశావు. పడవ నీళ్ళలో దించానని ఎక్కడా రాయలేదు. ఆదివారం ముంచుకొస్తోంది. పైగా నా కళ్ళజోడు గురించి నువ్వు ఈ జన్మలో అడగలేదు. ఎండిన పడవలో ఆయన్ని నడినీళ్ళకి పంపుతున్నావు. నువ్వు దాస్తే నాకు తెలీదా? పెంచింది నేను.

నీతులు చెప్పడానికి రాయట్లేదు. ఆయన పోతే నా కంట చుక్క రాదు. కానీ ఆ తరవాత ఏమవుతుందో చూడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. క్లబ్బు హాల్లో ఆయన ఫోటో పెడతారు. పిన్ని దాని ముందు కూర్చుని ఏడుస్తుంది. నిన్ను చూపించి, తండ్రి ఒకణ్ణి ముంచాడు, కొడుకు ఒకణ్ణి ముంచాడు అంటారు. నాన్న మీద వేసిన అబద్ధాన్ని నువ్వే నిజం చేసిపెడతావు. చచ్చినవాడు సిగ్గుపడడురా. ఆయన నాకు బతికి కావాలి.

కాబట్టి ఎండిన పడవే దించు, నేనూ వద్దనను. ఆదివారం తెల్లారగట్ల దించు, ఆయన వచ్చేలోపు తోడేసి పొడిగా కనబడేట్టు చెయ్. కానీ తాడు విప్పొద్దు. గట్టు పక్కన నడుం లోతున్న చోట ముందూ వెనకా కట్టు, నువ్వు తప్ప ఇంకెవరూ విప్పలేని ముడి వెయ్. ఆయనకి మైకు దొరికితే ఎంతసేపు వదలడో ఊరంతటికీ తెలుసు. మాట్లాడనీ. నీళ్ళు వాటి పని అవి చేస్తాయి. కింద పనిచేసేవాణ్ణి తిట్టకుండా ఉండలేని మనిషి, నిన్ను తిడతాడు. ఏమని తిడతాడో ఆలోచించు. మైకు చేతిలోనే ఉంటుంది, పిన్ని ముందు వరుసలో ఉంటుంది.

మౌనస్వామినీ చెంబునీ కూడా పిలు. ఊరికే చూడ్డానికి రమ్మను.

అక్క


షెడ్డు నుంచి

అక్కా,

డ్రైవరు ముందు తలూపాను. నీ ఉత్తరం రాకపోతే తాడు విప్పేవాణ్ణే. ఇది ఇంకెవరికీ చెప్పకు.

నువ్వు చెప్పినట్టే తెల్లారగట్ల దించాను. ధారలు ధారలుగా వచ్చింది. జనం వచ్చేదాకా తోడుతూనే ఉన్నాను, చేతులు పడిపోయాయి. బాబాయి చేతులు ఎలా అయి ఉంటాయో అప్పుడు తెలిసింది. తరవాత అడుగుపలకలు పరిచేశాను. పైకి పొడిగా, పెళ్ళికొడుకులా ఉంది పడవ.

కెప్టెన్ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు. మనకి అదీ కలిసొచ్చింది. పడవలో నిలబడి మైకు తీసుకుని మొదలెట్టాడు. చిన్నతనం, కప్పులు, పతకాలు, గాలి. తరవాత ఆ పందెం. "ఒక చేతకాని వడ్రంగి వల్ల ఒక మంచి నావికుణ్ణి పోగొట్టుకున్నాం" అని పిన్ని వైపు చెయ్యి చాపాడు. పిన్ని కొంగు కళ్ళకద్దుకుంది. అప్పటికే అడుగుపలకలు తేలుతున్నాయి. ముందు వరుసలోవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు, పెద్దాయన మాట్లాడుతుంటే ఎలా చెప్పాలని. బూట్ల పైనుంచి నీళ్ళు లోపలికి దిగాక గానీ ఆయన కిందకి చూడలేదు.

"ఎప్పుడు దించావురా దీన్ని?" అన్నాడు. మైకులోనే.

"ఈ పొద్దున సార్."

"పొద్దునా? ఎండిన పడవని నానబెట్టకుండా మనిషిని ఎక్కిస్తావా? మూడు రోజులు నీళ్ళు తాగాలని తెలీదా? నిన్న మొన్న పడవెక్కినవాడికి కూడా తెలుస్తుంది. ప్రాణం తీద్దామనా, వెధవా?"

రేవు మొత్తం వినబడింది. అవతల వలలు ఆరేసుకునేవాళ్ళు కూడా తలెత్తారు.

"తెలుసు సార్" అన్నాను. "మా నాన్న మీకు చెప్పాడు. మీరు ఆ మాట ఎన్నడూ విననైనా లేదన్నారు."

అప్పుడు నన్ను మొదటిసారి సరిగా చూశాడు. మైకు పక్కకి పడిపోయింది. మౌనస్వామి లేచి, "చెప్పాడు. నేను విన్నాను. తాడు పట్టుకున్న చేతి మీద మీరు తెడ్డుతో కొట్టారు" అన్నాడు. మళ్ళీ కూర్చోలేదు. చెంబు లేవలేకపోయాడు గానీ కూర్చునే, "బెండు కూడా మీరే తీసుకున్నారు" అన్నాడు. పడవ అడుగు నేలకి ఆనింది. నీళ్ళు ఆయన నడుం దాకా వచ్చాయి. గట్టు మీద అందరికంటే దగ్గర పిన్ని ఉంది. ఆమె వైపు చెయ్యి చాపాడు, లాగమని.

పిన్ని ఆ చేతిని చూసింది. "ఎప్పటినుంచి తెలుసు మీకు?" అంది.

"ముందు లాగు" అన్నాడు.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఇంకెవరూ కూడా ముందుకు రాలేదు. మా యజమాని వెళ్ళబోయి మౌనస్వామి మొహం చూసి ఆగిపోయాడు. ఆయనంతట ఆయనే పాక్కుంటూ ఎక్కాడు. ఒక బూటు పడవలోనే ఉండిపోయింది. ఆ ఒంటి బూటుతో జనం మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళాడు, జనం రెండు వైపులా తప్పుకున్నారు. అప్పటినుంచి క్లబ్బుకి రావట్లేదు. కూరగాయల కొట్టువాడు కూడా ఆయనతో మాట్లాడట్లేదట.

పడవని అక్కడే మునిగి ఉండనిచ్చాను. మూడో రోజున నీళ్ళన్నీ తోడేశాను. మళ్ళీ చుక్క రాలేదు.

నిన్న పిన్ని రేవుకి వచ్చింది. పడవ లోపల చెయ్యి పెట్టి పలకల మధ్య తడిమి చూసింది. కూలబడి ఏడ్చింది. "మీ అక్కని రమ్మనరా. నా ఇంట్లోనే దిగమను, నా చేత్తో వండి పెడతాను. మీ నాన్నకి పెట్టలేకపోయాను" అంది. చాలా చితికిపోయిందక్కా. ఏమని చెప్పను?

తమ్ముడు


దుప్పట్ల గది నుంచి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మడిచి, మళ్ళీ విప్పి చదివాను. ఒంటి బూటు దగ్గర గట్టిగా నవ్వాను, గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి. నాకు తృప్తిగా ఉంది. అయ్యో పాపం అనిపిస్తుందేమోనని సాయంత్రం దాకా చూశాను. అనిపించలేదు.

పిన్ని సంగతి. చితికిపోయిందన్నావు, కాదనను. అబద్ధం చెప్పింది కెప్టెన్, అదీ నిజమే. కానీ నాన్నని పుట్టినప్పటినుంచి చూసినవాళ్ళు కాదు కదా ఆ విచారణలో నవ్వినవాళ్ళు. ఆమె మాత్రం నాన్న చేతి తిండి తిన్న మనిషి. తనకి కాన్పు కష్టమైనప్పుడు మంచంతో సహా మోసుకెళ్ళింది నాన్న. ఒక్క ఆదివారం తలుపు తీసి, బావగారూ, ఇది నిజమేనా అని అడిగి ఉంటే చాలు. అడగలేదు. ఆ తలుపు గడియ వేసింది కెప్టెన్ కాదు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నానని చెప్పు. వండుకోమను, మంచం వేసుకోమను. చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడతాను, నాన్న నిలబడ్డంతసేపు. ఆమె తలుపు బార్లా తీసి పిలుస్తుంది. చెయ్యి పట్టుకుని లాగుతుంది, ఏడుస్తుంది కూడా. నేను లోపలికి వెళ్ళను.

తరవాత నీ దగ్గరికి వస్తాను. ఆకలితో వస్తాను, ఏదో ఒకటి వండి ఉంచు.

అక్క